ప్రతిజ్ఞ చేసినవారు ఎందరు? నిలిచినవారు ఎందరు?



ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించిన మాదకద్రవ్య వ్యతిరేక దినము జూన్ 26. ఆ దినమున మన సంఘములలో కొన్నిచోట్ల యౌవనస్థుల కూటములు పెట్టుచున్నాము. ప్రసంగమైన తరువాత మత్తు ముట్టమని చేతులెత్తించి, ఎత్తిన చేతులు లెక్కపెట్టి నివేదికలో వ్రాయుదుము. మరుసటి ఏడు ఆ చేతులు ఏమి పట్టుకొన్నవో ఎవరును అడుగరు. విత్తుట మన పని, ఫలము దేవుని పని, అడుగుట అవిశ్వాసము అని కొందరందురు. ఇది సరియైన మాటేనా?

1983లో అమెరికాలోని లాస్ ఏంజిల్స్‌లో 'డేర్' అను కార్యక్రమము ఆరంభమైనది. పోలీసువారే తరగతులకు వచ్చి, మత్తువలని కీడును, వద్దని చెప్పు విధమును పిల్లలకు నేర్పిరి. తలిదండ్రులు మెచ్చుకొనిరి, అది దేశమంతట వ్యాపించెను. కెంటకీ పరిశోధకులు ఆ పాఠములు విన్నవారిని, విననివారిని పదేండ్ల తరువాత మరల ప్రశ్నించి, 1999లో ఫలితము ప్రకటించిరి. ఇరువదేండ్ల ప్రాయమునకు వచ్చిన ఆ రెండు గుంపుల మధ్య సిగరెట్టులో గాని, మద్యములో గాని, గంజాయిలో గాని చెప్పుకోదగిన తేడా లేదు. బోధించినవారు మంచివారే, బోధయు మంచిదే.

లూకా సువార్తలో యజమానుడు మూడేండ్లు అంజూరపు చెట్టున ఫలము వెదకెను. తోటమాలి ఆకులు చూపి వాదింపలేదు; త్రవ్వి ఎరువు వేయుటకు ఒక్క సంవత్సరము గడువడిగెను. వెదకుట అవిశ్వాసమైతే ఈ ఉపమానమునకు అర్థమేమి?

ఐస్‌లాండు దేశములో 1998లో పదిహేను, పదహారేండ్ల పిల్లలలో నూటికి 42 మంది గడచిన నెలలో త్రాగి మత్తులైతిమని చెప్పిరి. 2016 నాటికి 5గురే. అక్కడ సాయంకాలములు పిల్లలకు ఆటలు, సంగీతము ఏర్పాటుచేసిరి. రాత్రివేళ బయట తిరుగనీయక తలిదండ్రులు కనిపెట్టుకొనిరి. పేరు వ్రాయనక్కరలేని కాగితములిచ్చి తరచుగా పిల్లలనే అడిగిరి. ఇతర ఐరోపా దేశములలోను త్రాగుడు కొంత తగ్గినది గనుక అంతయు దీనివలననే అనలేము.

మన సంగతి చూడుడి. తల్లి పనిలో, తండ్రి డ్యూటీలో, పిల్లవాడు సందులో. బడికి నూరు గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. బడి ప్రక్కనున్న కొట్టును మనలో ఎందరము చూచితిమి? ఆలయపు హాలు మాత్రము వారమంతయు తాళము వేసియుండును. కూటమునకు పెట్టు భోజనపు ఖర్చుతో ఒక వాలీబాల్, ఒక హార్మోనియము రాదా?

నన్ను ఎక్కువగా బాధించునది వేరొకటి. చేయి ఎత్తి, తరువాత పడిపోయిన పిల్లవాడు సిగ్గుపడి గుడికి రావడము మానివేయును. మన నివేదికలో అతడింకను ఫలించినవాడే! కాపరిగారి ఎదుట నిలువబెట్టి అడిగినచో ఎవడును నిజము చెప్పడు. పేరులేని చీటీ ఇచ్చి అడుగవచ్చును గదా.

ఈసారి కూటము పెట్టువారు క్రొత్తవారి చేతులెత్తించుటకు ముందు, నిరుడు ఎత్తి ఇప్పుడు కనబడనివారి యిండ్లకు ఒకమారు వెళ్ళిరావలెనని నా మనవి.