ఇంజన్ విప్పే ముందు



ఉప్పల్ నుండి నాచారం పారిశ్రామికవాడకు వెళ్లే దారిలో లేతు షాపులు, మెకానిక్ షెడ్లు మీరు చూసే ఉంటారు. విప్పిన ఇంజన్ ఒకటి ఎప్పుడూ ఏదో మూల కనబడుతుంది. అలాంటి ఒక ఇంజన్ గురించి నేడు మీతో ముచ్చటించాలని ఉంది.

నాచారంలో ఒక విశ్వాసి ఇంటి ముందు పాత అంబాసిడర్ కారు ఉంది. బెంగాలులోని ఉత్తర్‌పారాలో తయారైన బండి. 2014లో దాని తయారీ ఆగిపోయింది. అది తన తండ్రిగారు కొన్న కారు కాబట్టి, దాన్ని మళ్లీ నడపాలని ఆయన కోరిక. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే ఇంజన్ నీలంరంగు పొగ వదులుతూ ఆయిల్ తాగుతోంది. "రింగులు, పిస్టన్లు మారిస్తే చాలు" అన్నారెవరో. చేతిలో చీటీ డబ్బు ఉంది. అది కూతురి కాలేజీ ఫీజు కోసం దాచినది. ఆయన భార్యకు చెప్పకుండానే పిస్టన్లు కొని, ఇంజన్ దింపించారు.

తీరా విప్పి కొలిస్తే నాలుగు సిలిండర్లూ అరిగిపోయాయి. బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి. ముందే కొన్న పిస్టన్లు పనికిరావు. క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగ్, దానికి తగిన బేరింగులు, వాల్వుల పని, గాస్కెట్లు, ఇలా ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. డబ్బు సగంలోనే అయిపోయింది. ఇంజన్ షెడ్డులో, బండి వాకిట్లో, ఇంట్లో మౌనం!

లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టదలచిన వ్యక్తిని గురించి ప్రభువు చెప్పారు. అతడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలి. లేకపోతే పునాది దగ్గరే పని ఆగి, చూసినవారు నవ్వుతారు. నజరేతులో వడ్రంగి పని చేసిన ప్రభువుకు సగంలో ఆగిన పనులు కొత్త కాదు. తనను వెంబడించగోరిన జనసమూహానికి ఆయన ఈ మాట చెప్పారు. శిష్యరికానికి కూడా వెల ఉంది, అది తెలుసుకొనే రండి అన్నారు.

మంచి మెకానిక్ పనితీరును గమనించండి. మొదట విప్పి కడుగుతాడు. తర్వాత కొలుస్తాడు. కొలత తెలిశాకే సామాను చీటీ రాస్తాడు. సామాను ఖర్చు, లేతు పని ఖర్చు, కూలి వేర్వేరుగా వేసి, అనుకోని ఖర్చుకు కొంత పక్కన పెట్టమంటాడు. పని పూర్తయ్యాక కూడా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపమని, ఆయిల్ మార్చమని హెచ్చరిస్తాడు.

మన ఆత్మశోధన కూడా ఇలాంటిదే గదా! పొగ కనబడుతుంటే పైపైన రంగు వేసి లాభం లేదు. అరిగినదెక్కడో వెలుగులో చూడాలి. పాపసంకీర్తనం తర్వాత కూడా కొంతకాలం జాగ్రత్తగా నడవాలి.

ఆ సహోదరుని పొరపాటు ఎక్కడుంది? కారును ప్రేమించడంలో కాదు, లెక్క తప్పడంలో కూడా కాదు. లెక్కను దాచడంలో ఉంది. ఇంటివారందరూ మోయవలసిన ఖర్చును ఒక్కరే రహస్యంగా నిర్ణయించడం ప్రేమ కాదు. వివాహ సంస్కారంలో ఒకరికొకరం అన్న మాట ఇంటి ఖర్చుల పుస్తకానికి కూడా వర్తిస్తుంది.

చివరకు ఒక రాత్రి ఆయన రసీదులన్నీ భార్య ముందు పెట్టి, క్షమించమని అడిగారు. ఆమె కంటతడి పెట్టింది, తర్వాత నోటుపుస్తకం తెచ్చింది. ముందు ఫీజు కట్టాలి, ఆ తర్వాత నెలనెలా కొంత దాచాలి, పూర్తి మొత్తం చేరాకే ఇంజన్ పని మొదలుపెట్టాలి అని ఇద్దరూ రాసుకున్నారు. బండి ఇంకా కదలలేదు. కాని ఆ ఇంట్లో మాటలు మొదలయ్యాయి. సాయంకాల జపమాలకు మళ్లీ అందరూ కలిసి కూర్చుంటున్నారు.

ప్రియ పాఠకులారా, మీ ఇంట కారు లేకపోవచ్చు. ఇల్లో, పెళ్లో, పండుగో, ఏదో ఒక గోపురం మాత్రం ఉంటుంది. ఈ ఆదివారం దివ్యబలిపూజ నుండి వచ్చాక భార్యాభర్తలిద్దరూ కూర్చుని, దాని లెక్కను దాపరికం లేకుండా రాయండి. కష్టార్జితంతో తిరుకుటుంబాన్ని పోషించిన పునీత జోజప్పగారు మనకొరకు ప్రార్థించుదురు గాక! ఆమెన్.