రాలిన ఆకుకు ఒక ఏడాది



తపస్సుకాలంతోపాటే మన గోదావరి జిల్లాలకు ఆకురాలు కాలమూ వస్తుంది. తెల్లవారేసరికి వేప, బాదం, కానుగ ఆకులతో వాకిలి నిండిపోతుంది. ఊడ్చి, కుప్పచేసి, అగ్గిపుల్ల గీస్తాం. పది నిమిషాల్లో పని తీరిపోతుంది. పొగ మాత్రం పొరుగింటి పసిబిడ్డకూ, ఆయాసపడే తాతగారికీ మిగులుతుంది.

చెట్టు నేలనుండి తీసుకున్న సారంలో కొంత ఆకు రూపంలో తిరిగి నేలకు ఇస్తున్నది. దానికి మనమే అడ్డుపడుతున్నాం. ఎండిన ఆకు చెత్త కాదు, రేపటి మొక్కకు ఆహారం. ప్రకృతిలో ఏదీ వృథా పోదనీ, పారవేసే అలవాటు మనుషులదేననీ ఫ్రాన్సిస్ జగద్గురువులు 2015లో 'లౌదాతో సీ' విశ్వలేఖలో మనకు గుర్తుచేశారు.

ఈసారి కాల్చకుండా దాచి చూడండి. పెరటి మూల నీడలో వెదురు తడికను గుండ్రంగా నిలిపి, అందులో ఆకులు వేయండి. మన పల్లపు ఊళ్లలో గొయ్యి తీస్తే వానకు నీరు నిలుస్తుంది కనుక నేలమీద కుప్పే మేలు. ప్లాస్టిక్ కాగితాలు, తెగులు ఆకులు ఏరివేయండి. జానెడు మందాన ఆకులు పడినప్పుడల్లా కాస్త పేడనీళ్లు, కొంచెం మట్టి చల్లండి. వేసవిలో తడి ఆరనీయకండి. అప్పుడప్పుడు తిరగవేయండి. మామిడి, పనస వంటి దళసరి ఆకులు ఆలస్యంగా మాగుతాయి. వాటిని ముక్కలు చేసి వేయాలి. ఆరు నెలలకో ఏడాదికో అది నల్లని ఎరువై, మీ మల్లెపాదులో తడిని నిలుపుతుంది.

ఇప్పుడు లూకా సువార్త 13వ అధ్యాయం తెరవండి. మూడేండ్లుగా కాయని అంజూరపు చెట్టును నరికివేయమన్నాడు యజమాని. తోటమాలి ఒక్క ఏడాది గడువు అడిగాడు. ఊరికే అడగలేదు. చుట్టూ త్రవ్వి ఎరువు వేస్తానన్నాడు. గడువు కోరినవాడే చేతులకు మట్టి అంటించుకోవడానికి సిద్ధపడ్డాడు.

మన ఇళ్లలోనూ రాలిన ఆకులున్నాయి. తాగుడుకు లోబడిన కుమారుడు, పరీక్ష తప్పి గదిలో ముడుచుకున్న కుమార్తె, మాట పడలేక దేవాలయానికి రావడం మానేసిన తమ్ముడు. "వీడిక బాగుపడడు" అనే ఒక్క మాట చాలు, అగ్గిపుల్లలా పనిచేస్తుంది. ఆ మాట ఆపండి. భోజనానికి పక్కన కూర్చోబెట్టుకోండి. వైద్యం అవసరమైతే వెంట నడవండి. సాయంకాల ప్రార్థనలో అతని చోటు ఖాళీగానే ఉంచండి. ఫలితం ఒక్క వారంలో కనిపించదు. ఆకు కూడా ఒక్క వారంలో ఎరువు కాదు.

విభూతి బుధవారపు బూడిదకు నిరుటి మట్టలు చాలు. తక్కిన ఆకులను నేలకు ఇవ్వండి. మీ ఇంట పడిపోయిన బిడ్డకు ఈ ఏడాది గడువు ఇవ్వండి.

మనకోసం గడువు అడుగుతున్న క్రీస్తునాథుడు మీ కుటుంబాలను దీవించునుగాక!