తుడిచివేయక మునుపు

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 20:7–12



త్రోయలో పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగించుచుండగా, ఐతుకు అను యౌవనుడు నిద్రమత్తులో మూడవ అంతస్తునుండి క్రిందపడెను. అతడు చనిపోయినవాడై ఎత్తబడెను. పౌలు మాత్రము క్రిందికి దిగి, కౌగిలించుకొని, ప్రాణము పోలేదని చెప్పెను.

నేడు అనేక సంఘములలో బాప్తిస్మముల పట్టిక, వివాహముల పట్టిక, చందాల లెక్కలు ఒక పాత కంప్యూటరులోనే యున్నవి. ఒకనాడు మీట నొక్కగా అది లేవదు. గాండ్లపెంటనుండి కదిరికి మోసికొని పోయినప్పుడు, అంతయు తుడిచి క్రొత్తగా ఎక్కించవలెనని ఎవరైన చెప్పినయెడల వెంటనే ఒప్పుకొనకుడి.

ఏలయనగా, మొదట మేలుకొనునది హార్డ్ డిస్కు కాదు. లోపలి చిప్‌లోనున్న బయోస్ అను చిన్న ప్రోగ్రాము ముందుగా లేచి, తనకు నియమించిన వరుసలో ఒక్కొక్క డ్రైవును వెదకి, కంప్యూటరును నడిపించు వ్యవస్థను పిలుచును. డిస్కులో ఆ వ్యవస్థ చెడినంత మాత్రమున పట్టికలు చెడవు. తలుపు తాళము పాడైన, ఇంటిలోని వేరుశనగ మూటలు పోవునా?

మొదట, మరచి తగిలించియుంచిన పెన్ డ్రైవు ఉన్నదేమో చూచి తీయుడి. తేదీ తప్పియున్నయెడల, సిఆర్ 2032 అను బిళ్ల బ్యాటరీని మార్చుడి. అది అయిపోయిన పాత యంత్రము తన వరుసను కూడ మరచును. అప్పటికిని లేవనియెడల, వేరొక కంప్యూటరులో లినక్సును పెన్ డ్రైవులోనికి ఎక్కించి తెండి. ఫైలును ఊరక నకలు చేసిన చాలదు. బూట్ అగునట్లు ఎక్కించవలెను. మిక్కిలి పాతవి పెన్ డ్రైవునుండి లేవవు, వాటికి సి.డి. కావలెను. ఆన్ చేసిన వెంటనే ఎఫ్12, కొన్నిటిలో ఎఫ్9 లేక ఎస్కేప్, నొక్కిన డ్రైవుల పట్టిక కనబడును. అందులో మీరు తెచ్చినదానిని ఎంచుకొనుడి.

ఇక్కడ జాగ్రత్త! 'ట్రై' అనుదానిని ఎంచుకొనిన లినక్సు మెమరీలో నడుచును, పాత డిస్కు ముట్టబడదు. 'ఇన్‌స్టాల్' అనుదానిని ఎంచుకొనిన ఉన్నదంతయు చెరిగిపోవచ్చును. పట్టికలన్నిటిని వేరొక డ్రైవులోనికి నకలు చేసిన పిమ్మటనే మరమ్మతు ఆలోచింపుడి. డిస్కు టిక్కు టిక్కుమని శబ్దము చేసినయెడల వెంటనే ఆపి, తెలిసినవారికి అప్పగింపుడి.

ప్రియులారా, యంత్రము విషయములోనే ఇంత ఓర్పు తగియుండగా, మనుష్యుని విషయములో ఎంత ఎక్కువగా ఉండవలెను! ఆరాధనకు రావడము మానిన యౌవనుని, పిలిచిన పలుకని పొరుగువానిని మనము ఎంత త్వరగా పట్టికనుండి కొట్టివేయుదుము! ఒక తలుపు మూయబడినయెడల మరియొక తలుపు తట్టుదము. పౌలువలె మేడ దిగి వారియొద్దకు పోవుదము. ప్రభువు మనకు అట్టి ఓర్పును దయచేయును గాక. ఆమేన్.