పాత ఇల్లు - గృహస్థధర్మము

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలు చెప్పిరి. ఇల్లు కట్టుటలోని కష్టమును ఈ సామెత చక్కగా తెలుపుచున్నది. కాని కట్టిన ఇంటిని కాపాడుటలోని కష్టమును గూర్చి ఇంతగా వాడుకలోనున్న మాట కానరాదు. కట్టినవాని పేరు ద్వారబంధముపై చెక్కబడును. దూలమునకు చెదపట్టకుండ ఏటేటా చూచుకొన్నవాని పేరు ఎచ్చటను వ్రాయబడదు. తాతలనాటి ఇల్లు చేతికి వచ్చిన గృహస్థుని ఎదుట ఒక ప్రశ్న నిలుచును. దీనిని పడగొట్టవలెనా? బాగుచేసి నిలుపవలెనా? పైకి ఇది రూపాయల లెక్కగా కనబడును. నిజమునకు ఇది ధర్మవిచారము.

రాయలసీమ పల్లెలలోని మట్టిమిద్దెను ఉదాహరణముగా గైకొందము. రాతిని మట్టిబురదతో పేర్చి కట్టిన మందమైన గోడలు, వాటిపై దూలములు, దూలములపై దంతెలు. ఆపైన చెక్కలో బండలో పరచి, మట్టి దట్టించి, పైపొరగా చౌడు పోయుదురు. తడిసినపుడు చౌడు మెత్తబడి సందులను పూడ్చి, నీటిని లోనికి ఇంకనీయదు. ఎండకు బీటలు వారిన ఆ పొరను ఏటేటా తొలకరికి ముందు సరిచేయుట ఆచారము. ఇట్టి ఇల్లు ఒకసారి కట్టి మరచిపోవుటకు ఏర్పడినది కాదు. దానికి రాయియు కొయ్యయు ఎంత అవసరమో, సంవత్సరమున కొక్కమారు నిచ్చెనవేసి పైకెక్కు మనిషియు అంత అవసరము. ఆ మనిషి లేనినాడు కట్టడములో ఒక భాగమే లోపించినట్లు.

ఇచ్చట మనవారిలో కొందరికి ఒక సందేహము పొడసూపవచ్చును. స్థావరముకంటె జంగమము గొప్పదని బసవేశ్వరుడు బోధించెను గదా, రాతిపై మట్టిపై ఇంత మమకారమేల? సందేహము న్యాయమైనదే. గోడను గోడకొరకే ప్రేమించుట మోహము. వంశము పేరు ఊరిలో చెప్పుకొనుటకై ఇంటిని నిలుపుట అహంకారము. కాని మరమ్మతు స్థావరమునకు చేయు పూజ కాదు. అది ఆ కప్పు క్రింద మసలు మనుషులకు చేయు సేవ. బసవేశ్వరుడు కల్యాణమున బిజ్జలుని కొలువులో భండారిగా నుండెను. భండారి తాను కాపాడు ధనమును తనదిగా ఎంచినచో ద్రోహి యగును. తనది కాదని నిర్లక్ష్యము చేసినను ద్రోహియే యగును. తాతనుండి వచ్చి మనుమనికి పోవలసిన ఇంటి విషయమున గృహస్థుని స్థితియు ఇట్టిదే.

పుచ్చిన దూలము తీసి క్రొత్తది వేసినచో అది పాత ఇల్లేనా యని అడుగువారు కలరు. ఈ ప్రశ్న క్రొత్తది కాదు. థీసియస్ అను వీరుని ఓడను ఏథెన్సువాసులు భద్రపరచుచు, పుచ్చిన పలకలను తీసి క్రొత్తవి బిగించుచు వచ్చిరట. అది ఆ ఓడయేనా, వేరొకటియా యని తత్త్వజ్ఞులు వాదించుకొనెడివారని గ్రీకు రచయిత ప్లూటార్క్ వ్రాసెను. జపానుదేశములోని ఇసే మందిరమును చూచినచో ఈ చిక్కు కొంత వీడును. దానిని 20 సంవత్సరముల కొకసారి ప్రక్కనున్న స్థలమున క్రొత్త కలపతో పాత రూపముననే కట్టుదురు. 2013లో జరిగినది 62వ పునర్నిర్మాణము. అచ్చట తరతరములుగా నిలుచుచున్నది కలప కాదు, కలపను చెక్కు విద్య. ముసలి వడ్రంగి చెంత పడుచువాడు పనిచేయుటచే ఆ విద్య తరము దాటుచున్నది. కావున దూలము మారినంతమాత్రమున ఇల్లు మారదు. దూలము ఎందుకు అచ్చట నున్నదో తెలిసినవాడు లేనినాడే ఇల్లు పరాయిదగును.

ఇంటిపై ప్రేమ యొక్కటియే చాలదు. తెలివిలేని ప్రేమ కీడు చేయుటయు కలదు. ఇంటిని బలపరచవలెనను సదుద్దేశముతోనే పలువురు పాత మట్టిగోడకు సిమెంటు పూయింతురు. పోర్ట్‌లాండు సిమెంటునకు జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో ఇంగ్లండున పేటెంటు పొందెను. అది మేలైన వస్తువే. కాని మట్టిగోడ నేలనుండి తేమను పీల్చి గాలికి విడుచును. సిమెంటుపూత ఆ దారిని మూసివేయును. లోపల చిక్కుకొన్న తేమ పైపైకి ప్రాకి, దానితో వచ్చిన లవణములు పూత వెనుక గడ్డకట్టి, పెచ్చులు ఊడును. గోడలో దిగియున్న దూలపు కొనలు మురుగును. మట్టిపూతగాని సున్నపుపూతగాని ఇట్టి కీడు చేయదు. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చగా బొగ్గుపులుసు వాయువు వెడలిపోవును. గోడకెక్కిన సున్నము గాలినుండి ఆ వాయువునే మరల గ్రహించి మెల్లమెల్లగా రాయిగా మారును. ఎదుటివాని స్వభావమెరుగక చేసిన ఉపకారము అపకారమగుననుటకు సిమెంటు పూసిన మట్టిగోడయే సాక్ష్యము.

ఇంకొక పొరపాటు దీనికి విపరీతమైనది. పెద్దలు చేసినట్లే చేయుచున్నామని ఏటేటా మిద్దెపై మట్టి పోయుదురు, పాతమట్టిని మాత్రము దించరు. ఒక అడుగు మందము మట్టి చదరపు మీటరునకు దాదాపు 500 కిలోలు తూగును. తడిసినచో ఇంకను హెచ్చు. అట్లు పొరపై పొర పేరుకొని, ఒక ముసురునాటి రాత్రి దూలము విరుగును. ఆచారమును పాటించితిమనుకొన్నవారు ఆచారములో సగమునే పాటించిరి. పోయుట యెంత ధర్మమో తీయుటయు అంత ధర్మము. మన ఇండ్లలోని సంప్రదాయముల కన్నిటికిని ఈ న్యాయము వర్తించును. సారమును నిలుపవలెనన్నచో పేరుకొన్న బరువును దించవలెను.

అట్లని పాతదెల్ల నిలుపవలసినదే యనుట తగదు. గోడ కడుపు ఉబ్బి, దూలము పగిలి, పసిపిల్లలు దాని క్రింద నిద్రించుచున్నపుడు, మమకారముచే జాగుచేయుట పాపము. అప్పుడు దించివేయుటయే ధర్మము. పనికివచ్చు తలుపులను, బండలను, కొయ్యను క్రొత్త ఇంటిలో వాడుకొనుట వివేకము. ఇక బాగుచేయ పూనినవాడు పని తెలిసిన మేస్త్రీ కూలిలో పైసలకై పెనగులాడరాదు. గోడ గుణమెరిగి పనిచేయువాని కాయకము గౌరవింపబడినపుడే అతడు దానిని తన కుమారునకు నేర్పును. లేకున్న ఆ విద్య అతనితోనే ముగియును.

నేడు పాత ఇండ్లకు వానకంటె తాళమే పెద్ద శత్రువు. పిల్లలు పట్టణములకు, పరదేశములకు పోయిరి. ఊడ్చువారు లేని ఇంటిలో చెద నిర్భయముగా ప్రాకును. చిన్న కారుపును చూచువాడు లేక అది పెద్ద గండియగును. అన్నదమ్ములు నలుగురున్నచోట ఒకరు చూతురులెమ్మని మరియొకరు ఊరకుందురు. ఉమ్మడి గొఱ్ఱె పుచ్చి చచ్చినదను సామెత ఇట్టివారిని చూచియే పుట్టియుండును. ఏడాదికి ఒకరు వంతుగా బాధ్యత వహించినచో ఈ చిక్కు తీరును.

మరికొందరు ధనము పంపి ఇంటికి రంగులు వేయింతురు, బండలు మార్పింతురు. ఆ ఇంటిలో ముసలితల్లి ఒంటరిగా నుండును. రాత్రి దగ్గు వచ్చినచో మంచినీరు అందించు చేయి ఉండదు. ఇంటిని కాపాడితిమని వారు చెప్పుకొనవచ్చును గాని కాపాడినది స్థావరమును మాత్రమే. ఎవరికొరకు కప్పు అవసరమో వారిని విడిచి కప్పును బాగుచేయుట మరమ్మతు అనిపించుకొనదు. మరమ్మతు మనిషితో మొదలిడి గోడవరకు పోవలెను.

కావున పాత ఇల్లుగల గృహస్థులు మృగశిర కార్తె రాకముందే ఒక దినము కేటాయించి మిద్దె యెక్కవలెను. తూములలోని చెత్త తీయవలెను, బీటలు చూడవలెను, దూలమును తట్టి దాని ధ్వని వినవలెను. పిల్లలను వెంటబెట్టుకొని పోవుట మరువరాదు. ఏది ఉంచవలెనో, ఏది తీయవలెనో వారు మన చేతులను చూచియే నేర్వవలెను. క్రిందికి దిగిన పిదప ఇంటిలోని వృద్ధుల చెంత కొంతసేపు కూర్చుండవలెను. ఆ నాటి పని అప్పటికి పూర్తియైనట్లు.