మా వాసన ఖరీదెంత?

తెలుగునాట 'అత్తరు సాయిబు' అని ఒక మాట ఉంది. పిలుపుగా మొదలై ఎగతాళిగా మారిన మాటల్లో అదొకటి. చెవి మడతలో దూది, మెడకు రుమాలు, కళ్లకు సుర్మా. పాత సినిమాల్లో మేం కనబడితే ఇలాగే కనబడ్డాం. ఆ దూదిలో ఉన్నదేమిటని ఎవరూ అడగలేదు. ఘాటు అన్నారు. తలనొప్పి అన్నారు. బస్సులో మేం పక్కన కూర్చుంటే కిటికీ తెరిచారు.

ఇవాళ ఆ ఘాటు పెద్ద పెద్ద మాల్స్‌లో అద్దాల వెనక నిలబడి ఉంది. దాని పేరు ఊద్. అస్సాం అడవుల్లో పెరిగే అగరు చెట్టుకు బూజు పడితే, ఆ చెట్టు తన్ను తాను కాపాడుకోవడానికి ఊరించే జిగురు అది. అరబ్బు దేశాలవాళ్లు, మేం తరతరాలుగా ఎరిగిన వాసన. 2002లో ఈవ్ సాన్ లోరాన్ కంపెనీ 'ఎం7' పేరుతో, 2007లో టామ్ ఫోర్డ్ 'ఊద్ వుడ్' పేరుతో దాన్ని తమ సీసాల్లోకి ఎక్కించాక అది హోదా అయింది. మా ఒంటిమీద ఉన్నప్పుడు ఘాటు, వాళ్ల సీసాలోకి పోయాక గాఢత! మీ ఇళ్లలో రోజూ వెలిగించే ఊదుబత్తిలో ఉన్నది కూడా ఈ ఊదు మాటే. అది మీ దేవుడి గదిలోకి వచ్చినప్పుడు ఎవరికీ తలనొప్పి రాలేదు.

అలాగని మా సీసాలో ఉన్నదంతా స్వచ్ఛమని మేం డబ్బా కొట్టుకోం. నిజం మాట్లాడుకుందాం. కన్నౌజ్‌లో అత్తరు తీసే పద్ధతి వేరు. రాగి డేగులో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోకి దిగి, అందులోని గంధపు నూనెలో కలుస్తుంది. కాల్చిన మట్టి పెంకుల నుంచి తొలకరి వాసన తీసే మట్టి అత్తరు కూడా అక్కడిదే. ఆ పనిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. 2014లో కన్నౌజ్ పరిమళాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ గంధం ధర ఆకాశానికంటింది. ఉరుసులో, మసీదు గేటు ముందు పదులూ వందలకు దొరికే చిన్న సీసాలో గంధపు నూనె ఎక్కడుంటుంది? ఏదో చవక నూనెలో కలిపిన రసాయనం ఉంటుంది. దాని మీద గులాబ్ అని రాసి ఉన్నా ఆ సీసా గులాబీ మొహం చూసి ఉండదు.

మరి డిజైనరు సీసా చూసిందా? అందులోనూ ఎక్కువ భాగం ఆల్కహాలే. అందుకే మాలో కొందరు దాన్ని ముట్టరు, కొందరు అభ్యంతరం లేదంటారు. మిగిలిన కొద్దిపాటి పరిమళంలో చాలావరకు ప్రయోగశాలలో పుట్టిందే. ఆ రసాయనాలు తయారుచేసే పెద్ద కంపెనీలు ప్రపంచం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. బట్టల సబ్బుకూ, వేలరూపాయల సెంటుకూ వాసన అక్కడినుంచే వస్తుంది. తిమింగలం కడుపులో తయారయ్యే అంబర్ వాసనకు మారుగా ఆంబ్రాక్సాన్ అనే రసాయనం చేశారు. 2015లో వచ్చిన డియోర్ వాళ్ల 'సొవాజ్' నిలబడింది ఎక్కువగా దానిమీదే. అంటే అసలు అనుకున్నదానిలోనూ అనుకరణ ఉంది. కొనేవాడు కట్టే ధరలో పెద్ద వాటా గాజు సీసాకు, ప్రకటనలో నడిచే సినిమా నటుడికి, అమ్మే దుకాణానికి పోతుంది.

ఈ రెండింటి మధ్యకు ఇప్పుడు మూడో సీసా వచ్చింది. 2010లో క్రీడ్ కంపెనీ 'అవెంటస్' తెచ్చింది. 2015లో ఎమిరేట్స్‌కు చెందిన అర్మాఫ్ దానికి దగ్గరి వాసనతో 'క్లబ్ డి న్యూయి ఇంటెన్స్' తెచ్చింది. ధరలో సుమారు పదింతల తేడా. పరిమళంలో ఏమేం ఉన్నాయో విడదీసి చూపించే యంత్రాలున్నాయి కాబట్టి ఇది సాధ్యమైంది. తేడా లేదని మేం అనం. చవక సీసా కొట్టగానే నిమ్మవాసన కరుకుగా ముక్కును పొడుస్తుంది, ఖరీదైనది మెత్తగా విచ్చుకుంటుంది. కానీ గంట గడిచాక పక్కన నిలబడ్డవాళ్లలో చాలామంది ఏది ఏదో చెప్పలేరు. గల్ఫ్ నుంచి వచ్చే మావాళ్ల సంచుల్లో, మెకానిక్ పని చేసే మా పిల్లల జేబుల్లో ఉన్నది ఈ మూడో సీసానే.

ఇది దొంగతనమా? ఒక వాసన కుదరడానికి దాన్ని కూర్చినవాడు ఏళ్లు పెట్టి ఉంటాడు. ఆ శ్రమను కొట్టిపారేయడం శ్రమజీవులం అయిన మాకు తగదు. న్యాయస్థానాలు కూడా దీనిమీద ఏకాభిప్రాయానికి రాలేదు. 2006లో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం పరిమళానికి కాపీరైటు లేదంది. అదే ఏడాది నెదర్లాండ్స్ అత్యున్నత న్యాయస్థానం ఉండవచ్చంది. మా గీత మేం ఇక్కడ గీస్తాం: ఒక వాసనను చూసి ఇంకో వాసన చేసి, తన పేరుతో తక్కువకు అమ్మితే అది పోటీ. ఎదుటివాడి పేరు సీసామీద అతికించి అమ్మితే అది మోసం. మోసపోయేది కంపెనీ ఒక్కటే కాదు, నమ్మి కొన్న పేదవాడు కూడా.

పేరు దగ్గరకొచ్చాం కాబట్టి అసలు సంగతి మాట్లాడాలి. మాకు ఈ గొడవ సెంటుతో మొదలుకాలేదు. అద్దె ఇంటికి పోతే, అన్నీ నచ్చాక, అడ్వాన్సు మాట కూడా అయ్యాక, "ఇంతకీ మీ పేరు?" అంటారు. పేరు చెప్పగానే ఆ ఇల్లు అంతకుముందే ఎవరికో ఇచ్చేసినట్టు గుర్తొస్తుంది. అందుకే మాలో కొందరు మూడక్షరాల ముద్దుపేరు ఒకటి దగ్గర పెట్టుకుంటారు, వినగానే మతం తెలియనిది. ఇంటర్వ్యూకు పోయే మా పిల్లాడు జుమ్మా నమాజుకు పూసుకున్న అత్తరును సబ్బుతో తోముకుని, ఫ్రెంచి పేరున్న దుబాయి సెంటు కొట్టుకుని బయల్దేరతాడు. నకిలీ సరుకు అమ్మేవాడు లాభం కోసం పేరు మారుస్తాడు. మావాడు తలదాచుకోవడానికి దాస్తాడు. రెండూ ఒకటి కాదు. మొదటిదానికి అమ్మేవాడిది తప్పు. రెండోదానికి అడిగేవాడిది.

సువాసన పూసుకోవడం మాకు సున్నత్. ప్రవక్త ఇష్టపడిన వాటిలో సువాసన ఒకటని మా పిల్లలకు చిన్నప్పుడే చెబుతాం. పక్కన నిలబడి నమాజు చేసేవాడికి చెమట వాసన ఇబ్బంది కాకూడదన్నది అందులోని మర్యాద. ఆ మర్యాదకు ఖరీదుతో పని లేదు. పది రూపాయల అత్తరు పూసిన రిక్షా కార్మికుడూ, ముప్పైవేల సీసా ఉన్న డాక్టరూ ఒకే సఫ్‌లో భుజం భుజం ఆనించి నిలబడతారు. కానీ మాలోనూ డబ్బున్నవాళ్ల డ్రాయింగ్ రూముల్లో డిజైనరు సీసా ముందుకూ అత్తరుదాన్ వెనక్కూ పోయింది. ఆ సిగ్గు మాది కాదు, మాకు అంటించింది. అంటించింది కాబట్టి వదిలించుకోవచ్చు.

చవక సీసా బాగుంటే బాగుందనండి, బాగోకపోతే లేదనండి. ఆ హక్కు మీ ముక్కుకుంది. ముందు వాసన చూడండి. తర్వాత పేరు కూడా అడగండి, దాచమని మేం అనడం లేదు. పేరు విన్న తర్వాత కూడా అంతకుముందు అన్న మాటమీదే నిలబడండి. మేం అడుగుతున్నది అంతే.