నూరు శాతం ఎవరిది?

స్త్రీని ఎవరికో తల్లిగా మాత్రమే చూడటాన్ని సాహిత్యంలో ఎప్పట్నుంచో ప్రశ్నిస్తున్నాం. జీ6పీడీ లోపం గురించి చదివాక, రక్తపరీక్షనూ అదే ప్రశ్న అడగాలనిపించింది నాకు.

ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ అది. మలేరియా తిరగబెట్టకుండా ఇచ్చే ప్రైమాక్విన్‌తో కొందరి రక్తకణాలు పగిలిపోవడానికి దాని లోపమే కారణమని 1956లో తేలింది. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగవాడికి ఉన్నది ఒకటే ఎక్స్ కాబట్టి లోపం ఉందో లేదో తేలిపోతుంది. ఒక ఎక్స్‌లో లోపమున్న స్త్రీని మాత్రం ‘వాహక’ అన్నారు. కొడుక్కి లోపాన్ని మోసుకెళ్ళేదని. ఆమె ఒంటికేమవుతుందో ఆ మాట చెప్పదు.

ఒక్కో కణంలో ఒక ఎక్స్ మాత్రమే పనిచేస్తుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించారు. ఇలాంటి స్త్రీల రక్తంలో మంచి కణాలూ, లోపమున్న కణాలూ కలిసే ఉంటాయని మరుసటి ఏడే బ్యూట్లర్ బృందం చూపించింది. మందు పడితే ఆ రెండో రకం పగులుతాయి. ఆమె వాహక మాత్రమే కాదు.

అయినా మామూలు స్పాట్ పరీక్ష, ఎంజైమ్ సుమారు 30 శాతానికి తగ్గితేనే పట్టుకుంటుంది. 30కీ 70కీ మధ్య ఉన్న స్త్రీలకు తరచూ ‘నార్మల్’ అనే వస్తుంది. ఇంతకీ ఈ నూరు శాతం ఎవరిది? లోపంలేని మగవాళ్ళ మధ్యస్థ విలువ. ఇందులో కుట్రేం లేదు, ఒకే ఎక్స్ ఉన్నచోట లెక్క తేటగా ఉంటుంది. లెక్క కోసం ఎంచుకున్న శరీరమే అందరికీ ప్రమాణమైపోవడంతోనే నా పేచీ.

2018లో అమెరికా అనుమతించిన టఫెనోక్విన్‌ను 70 శాతం దాటినవాళ్ళకే ఇవ్వాలి. అందుకని శాతాన్ని కొలిచే పరీక్ష తప్పనిసరైంది, మధ్యలోని స్త్రీ లెక్కలోకొచ్చింది. కొత్త మందు అడిగేదాకా ఆమె ఆగాల్సివచ్చింది. ‘నార్మల్’ అన్న చీటీ చేతికిస్తే, ఎంత శాతమని మనమే అడుగుదాం.