ఏమీ కాలేదు కదా!

ఆ మధ్య గుడివాడలో బస్సు దిగి రోడ్డు దాటుతున్నాం. ముగ్గురు కుర్రాళ్ళు ఎక్కిన మోటారు సైకిలు మాకు జానెడు దూరంలో దూసుకుపోయింది. చేతిలోని సంచి జారి కింద పడింది. పక్కనున్న పెద్దాయన కేకలేస్తే, వెనక కూర్చున్న కుర్రాడు తల తిప్పి, “ఏమీ కాలేదు కదా!” అని నవ్వాడు. బందరు కోనేరు సెంటర్లో సాయంత్రం పూట నిలబడినా ఇదే తంతు. మాకు పట్టరాని కోపం వచ్చింది. అది న్యాయమైన కోపమే. కాని ఆ మాట మాత్రం ఇల్లు చేరేదాకా మమ్మల్ని వదల్లేదు. ఎందుకంటే అదే మాట ఒకప్పుడు మా నోటి నుంచీ వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాం.

ఏమీ కాకపోతే తప్పు లేనట్టేనా?

ఇద్దరు మనుషులు ఒకే వేగంతో, ఒకే నిర్లక్ష్యంతో బండి నడిపారనుకోండి. ఒకతని దారిలోకి ఓ పిల్లవాడు వచ్చాడు. రెండో అతని దారిలోకి ఎవరూ రాలేదు. మొదటివాడు జైలుకు పోయాడు, రెండోవాడు ఇంటికి పోయి అన్నం తిన్నాడు. లోకం మొదటివాణ్ణి హంతకుడంటుంది, రెండోవాణ్ణి అసలు పట్టించుకోదు. అయితే ఈ రెండోవాడు అదనంగా చేసిన మంచి పని ఏమిటి? ఏమీ లేదు. పిల్లవాణ్ణి అతని బండి ముందుకు రాకుండా ఆపింది అతను కాదు, అల్లాహ్.

దివ్య ఖుర్ఆన్‌లోని అన్‌నిసా సూరా 92వ ఆయతులో పొరపాటున జరిగిన హత్యకు కఫ్ఫారా నిర్ణయించబడింది. ఒక బానిసను విముక్తి చేయాలి, మృతుని వారసులకు రక్తపరిహారం చెల్లించాలి. బానిస విముక్తికి వీలులేనివారు వరుసగా రెండు నెలలు ఉపవాసాలుండాలి. ముస్లింలతో ఒప్పందం ఉన్న జాతికి చెందినవారు మరణించినా ఆ పరిహారం, ప్రాయశ్చిత్తం తప్పవని అదే ఆయతు చెబుతోంది. చంపాలన్న ఉద్దేశమే లేనివాడికి ఇంత ప్రాయశ్చిత్తం ఎందుకు? హనఫీ ధర్మశాస్త్రవేత్తలు దీన్ని విడమరిచి చెప్పారు. అతని మీద హత్యాపాపం లేదు గాని, ఇహ్తియాత్, అంటే జాగ్రత్త, వదిలిన పాపం ఉంది. దీన్నిబట్టి మాకు అర్థమయ్యేది ఒకటుంది. ఆ పాపం ప్రాణం పోయిన క్షణంలో పుట్టింది కాదు, అంతకు ముందే, జాగ్రత్త వదిలిన క్షణంలోనే పుట్టింది. ఎవరికీ దెబ్బ తగలనివాడి మీద కఫ్ఫారా లేదు, నిజమే. కాని మొదటి తప్పులో అతనూ సమాన భాగస్తుడే. అతనికి దొరికింది నిర్దోషి అన్న తీర్పు కాదు, తౌబా చేసుకోవడానికి గడువు.

“రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా పోతాం” అనేవారూ మనలో తక్కువేమీ లేరు. ప్లేగు ఉన్న సిరియా పొలిమేర నుంచి హజ్రత్ ఉమర్ (రజి) సైన్యంతో సహా వెనుదిరిగినప్పుడు, అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ విధివ్రాత నుంచి అల్లాహ్ విధివ్రాత వైపుకే పోతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. బ్రేకు వేయడం కూడా విధివ్రాతలోని భాగమే! మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అన్ని ప్రాణాల లెక్కనూ విధివ్రాత ఖాతాలో వేసి చేతులు దులుపుకోగలమా?

1993లో బ్రూనైలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ, షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం వాజిబ్ అని తీర్మానించింది. 2019 చట్ట సవరణ తర్వాత, మైనరు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. పదో తరగతి పిల్లాడికి ముచ్చటపడి తాళంచెవి ఇచ్చే నాన్నలు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక మా సంగతి. డిసెంబరు నెల, శుక్రవారం. దివిసీమలో ఒక మస్జిదులో జుమా ప్రసంగం మా మీద ఉంది. బందరులో బయలుదేరడమే ఆలస్యమైంది. బండి నడిపే అబ్బాయితో, “కాస్త తొందరగా పోనివ్వు బాబూ, ఖుత్బా వేళ దాటిపోతుంది” అన్నాం. చల్లపల్లి దాటాక రోడ్డులో సగం ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంది. ముందు ఒక ట్రాక్టరు పోతోంది. దాన్ని దాటబోయేసరికి ఎదురుగా గడ్డిమోపు కట్టుకుని సైకిలు మీద ఒక ముసలాయన. అబ్బాయి పక్కకు కోశాడు. మేం తప్పించుకున్నాం. ఆయన మాత్రం సైకిలుతో సహా ధాన్యం మీద పడిపోయాడు. వెనక్కి తిరిగి చూస్తే లేచి, చేతులు దులుపుకుంటున్నాడు. “అల్‌హమ్దులిల్లాహ్, ఏమీ కాలేదు” అన్నాం. ఆగలేదు.

ఆనాటి మా ప్రసంగాంశం దాసుల హక్కులు!

మస్జిదులో ఇఖామత్ వినిపించినా పరుగెత్తకండి, నెమ్మదిగా నడిచి రండి అని దైవప్రవక్త (స) ఆదేశించిన సంగతి మాకు తెలియక కాదు, ఎందరికో బోధించాం కూడా. అరఫాత్ నుంచి జనం ఒంటెల్ని అదిలిస్తూ తోలుతుంటే, పుణ్యం వేగంలో లేదని ఆయన (స) వారించారు. అలాగని వేగమే నిషిద్ధం కాదు. ఆ ప్రయాణంలో జనం మధ్య మెల్లగా నడిపి, ఖాళీ దొరికినచోట ఒంటెను వేగంగా తోలారని హజ్రత్ ఉసామా (రజి) తెలిపారు. మేం జనం ఉన్నచోటే తోలాం, అదీ నమాజు పేరు చెప్పి. తొందర పెట్టిన నోరు మాది కాబట్టి నేరం ఆ అబ్బాయి ఒక్కడిదీ కాదు.

ఇందులో ఇంకొక చిక్కుంది. అల్లాహ్‌కు చెందిన హక్కులో లోపం చేస్తే ఆయన్నే క్షమాపణ వేడుకోవచ్చు. దాసుని హక్కు దగ్గర అలా కుదరదు, ఆ దాసుడే క్షమించాలి. ఆయన ఏ మతస్థుడో తెలియదు. ఆ హక్కుకు మతంతో పనీ లేదు.

నమాజు అయ్యాక భోజనానికి కూర్చోకుండా అదే దారిన వెనక్కి వచ్చాం. ఆ చోట ధాన్యం కుప్ప చేసి బస్తాలకెత్తుతున్నారు. గడ్డిమోపు ముసలాయన గురించి అడిగాం. ఒకామె తలెత్తి, “పొద్దుణ్ణుంచి గడ్డిమోపులవాళ్ళు ఎంతమంది పోలేదు బాబూ, ఎవరని చెప్పను?” అంది.